యాత్రాచరిత్రమున నుపమానము

తెలుగున యాత్రాచరిత్రములు తక్కువ కావు. వానిని గూర్చిన విమర్శయే తక్కువ. కావ్యమునకు లక్షణ మున్నది, నాటకమున కున్నది. నవలకును కథానికకును గూడ విమర్శకులు లక్షణములను నిర్ణయించిరి. యాత్రాచరిత్రమును మాత్రము చారిత్రకులు తేదీల కొఱకును, భాషాశాస్త్రజ్ఞులు పదముల కొఱకును చదువుచున్నారు గాని, రచనగా నది యెప్పుడు నిలుచును, ఎప్పుడు తొట్రుపడును అను ప్రశ్న వేసినవారు అరుదు. పాశ్చాత్యదేశయాత్రల విషయమున ఈ ప్రశ్న మఱింత ముఖ్యమైనది. ఏలయన, ఆ దేశములలోని కట్టడములను, చిత్రములను, శిల్పములను గూర్చిన సమాచారము నేడు ఎవరికైనను క్షణములో లభించును. అందుకొఱకు యాత్రాచరిత్రమును చదువవలసిన పని లేదు. ఇక మిగిలిన దేమి? ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే: యాత్రాచరిత్రమునకు ప్రాణము ఉపమ, ఆ యుపమలో ఉపమానము స్వదేశము, దానిని రచయిత యెఱుగనిచో, ఎన్ని దేశములు తిరిగినను ఆతని రచన లుప్తోపమయే.

ఉపమకు అంగములు నాలుగు: ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము. వీనిలో ఒకటిగాని అంతకు మించిగాని లోపించినచో అది లుప్తోపమ యగును. కావ్యమున లుప్తోపమ దోషము కాదు. లోపించినదానిని సహృదయుడు తానే పూరించుకొనును. యాత్రాచరిత్రమున నట్లు కాదు. యాత్రికుడు క్రొత్తగా చూచినది ఉపమేయము; అతనికిని, ఇంటికడ నున్న పాఠకునికిని ముందే తెలిసినది ఉపమానము. చంద్రు నెన్నడును చూడనివానికి చంద్రముఖి యను మాటవలన తెలియున దేమియు లేనట్లే, ఈ రెండవ కొస లేనిచో పాఠకునకు పట్టు దొరకదు. ‘వర్ణనాతీతము’, ‘అత్యద్భుతము’ అను మాటలు ఒక యాత్రాచరిత్రమున ఎచ్చట పెరుగునో, అచ్చట రచయిత చేతిలో ఉపమానము లేదని గ్రహింపవచ్చును.

ఈ దృష్టితో చూచినచో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర యేల నిలిచినదో తెలియును. ఆయన యూరపునకు పోలేదు. కాని తరువాతి యాత్రికులకు కొలత నిచ్చినవా డాయనయే. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నున్న ఆయన 1830వ సంవత్సరము మే నెలలో బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. చూచినదానిని మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాయుచు వచ్చెను. 1838లో ఆ మిత్రుడే దానిని అచ్చువేయించెను. వ్రాయువానికిని చదువువానికిని తెలిసిన పట్టణ మొకటే, బజా రొకటే. దారిలోని నీటివసతిని, దొరకు సరకులను, ఊళ్ళ నడుమ దూరమును ఆయన చెప్పుచున్నంతసేపును ఆ పట్టణమే కొలబద్దగా నిలిచియుండెను. అందుచేతనే ఆ రచనలో అలంకారములు తక్కువయైనను ఉపమ సంపూర్ణముగా నున్నది.

పోతము జానకమ్మగారి ఇంగ్లండు యాత్రాచరిత్రము ఇంకొక విధమున విలువైనది. తెలుగున తాను వ్రాసినదానిని ఆమె తానే ఇంగ్లీషు చేయగా, ‘పిక్చర్సు ఆఫ్‌ ఇంగ్లండు’ అను పేర 1876లో మద్రాసున వెలువడినది. ఈ యనువాదమున జరిగిన మార్పును విమర్శకులు గమనింపవలెను. తెలుగు పాఠకునకు ఇల్లు తెలిసినది, ఇంగ్లండు తెలియనిది. ఇంగ్లండు నెఱిగిన పాఠకునకు ఇంగ్లండే తెలిసినది, జానకమ్మగారి యిల్లు తెలియనిది. మాటలు మాఱనిచ్చినను మాఱనీయకున్నను, ఉపమేయోపమానములు స్థానము మార్చుకొనినవి. ఒకే యాత్ర రెండు భాషలలో రెండు రచన లగుట ఇందువలననే.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము నవలయే గాని యాత్రాచరిత్రము కాదు. అయినను, ఉపమానమును గూర్చి తెలుగున నింతకంటె చక్కని పాఠము లేదని మా యభిప్రాయము. మొగల్తూరి పడుచువాడు మొగల్తూరును మోసికొని సీమకు పోవును. దారిపొడుగున పొరబడును, మనము నవ్వుదుము. కాని అతడు చూచినది మనకు కన్నులకు కట్టినట్లుండుటకు కారణ మేమి? అతని ఉపమానము స్థిరమైనది. తానెచ్చటి నుండి వచ్చినాడో అతనికి తెలియును, మనకును తెలియును. పార్వతీశము తెలివితక్కువవా డనిపించుకొనవచ్చును గాని అతని యుపమలో లోపము లేదు. చదువుకొనిన యాత్రికులమైన మాకు కలిగిన లోపము దీనికి సరిగా విరుద్ధమైనది. దానిని దాచుకొనుట విమర్శధర్మము కాదు గనుక ఇచ్చట చెప్పుచున్నాము.

2019వ సంవత్సరపు వేసవిలో మేము యూరపులో కొన్ని వారములు తిరిగితిమి. ఫ్లారెన్సు నగరమున శాన్‌ రెమీజియో వీథిమూల గోడపై రెండు ఫలకము లున్నవి. ఒకటి 1333వ సంవత్సరము నవంబరు 4వ తేదీన ఆర్నోనది ఎంతవఱకు పొంగినదో చూపును. రెండవది 1966లో, అదే నవంబరు 4న, వఱద ఎంతవఱకు వచ్చినదో చూపును. రెండవ గుర్తు మొదటిదానికంటె ఎత్తున నున్నది. ఆఱువందల ముప్పదిమూడేండ్ల నడిమి దూరము ఆ గోడమీద చేతితో కొలువదగినంత మాత్రమే. ఆ రాత్రి మేము మా దినచర్యలో నిట్లు వ్రాసికొంటిమి: ‘నదిని జ్ఞప్తియందుంచుకొనుట వీరికి తెలిసినట్లు మనకు తెలియదు.’ వాక్యము మాకు నచ్చినది. తిరిగివచ్చిన పిమ్మట తరగతిలో చదివి వినిపించితిమి గూడ. విని, వెనుకవరుసలో నున్న యొక విద్యార్థిని లేచి, “ఉస్మానియా ఆస్పత్రిలో చింతచెట్టు మాటేమిటండీ?” అని యడిగినది.

మేము బదులు చెప్పలేకపోతిమి. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినపుడు, వేలకొలది జనులు మరణింపగా, ఆ చింతచెట్టు కొమ్మలను పట్టుకొని నూటయేబదిమంది దాక బ్రతికిరని నగరమున పెద్దలందఱును చెప్పుకొందురు. మా యింటికి అది ఎంతో దూరము కాదు. ఆ త్రోవను మేము ఎన్నిమాఱులు పోయితిమో లెక్క లేదు. ఫ్లారెన్సు గోడను చూచినపుడు మాకు జ్ఞప్తికి రావలసినది ఆ చెట్టు. సాధారణధర్మము సిద్ధముగా నున్నది: రెండును నది చేసినదానిని మఱువకుండుటకై నగరము నిలుపుకొనిన గుర్తులే. భేదమును నున్నది: అచ్చటిది నీటి యెత్తును చెప్పును, ఇచ్చటిది బ్రతికినవారిని చెప్పును. ఎంత చక్కని యుపమ! మా చేతిలో నది ఉపమానలుప్త మయ్యెను. అంతటితో ఆగక, మాకు తెలియనిదానిని మన దేశమున లేనిదని వ్రాసితిమి. ఇది యలంకారదోషము మాత్రమే కాదు; అసత్యము.

లండనులోని బ్రిటిష్‌ మ్యూజియమున జరిగినది ఇంతకంటె గాఢమైనది. అమరావతీస్తూప శిల్పములు అచ్చట నున్నవని తెలుగువారందఱును ఎఱిగినదే. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి కాలమున ఆ దిబ్బ బయటపడుట, కాలిన్‌ మెకంజీ వచ్చి చూచుట, 1816-17లో తన సహాయకులచేత చిత్రములు వ్రాయించుట, 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వించుట, 1859లో 120కి పైగా ఫలకములు మద్రాసునుండి ఓడనెక్కుట, 1880లో అవి బ్రిటిష్‌ మ్యూజియము చేరుట, ఇవి యెల్ల చరిత్రప్రసిద్ధములు. జానకమ్మగారి గ్రంథము వెలువడునాటి కవి లండనులో నున్నను ఆ మ్యూజియము నింకను చేరలేదు. 1992లో వానికి ప్రత్యేకప్రదర్శనశాల యేర్పడినది. మేమును ఆ యద్దములముందు నిలిచి, ‘మనవి, తీసికొనిపోయిరి’ అని తలపోసితిమి. తలంపు నిజమే. కాని ఆ ఫలకములలో ఏది ప్రాకారమునకు చెందినది, ఏది అండమును చుట్టినది అని మమ్ము మేమే ప్రశ్నించుకొనగా, ప్రక్కనున్న విదేశయాత్రికునివలె చీటీ చదువవలసివచ్చినది. విద్యార్థిదశలో అమరావతికి పోయితిమి. ఎండయు, అమరేశ్వరాలయమును తప్ప మఱేమియు గుర్తు లేదు. పోయిన వస్తువునకు ఆనవాలు చెప్పగలిగినవాడే దానిని నాదని యడుగవలెను. ఆనవాలు చెప్పలేని దుఃఖము ఎంత పెద్దదైనను ఉపమానము కాజాలదు.

అచ్చట నొక ఫలకము రెండువైపులను చెక్కినది. ఒకవైపు, క్రీస్తునకు పూర్వపు శిల్పము: బోధివృక్షము, దానిక్రింద శూన్యాసనము, చుట్టును భక్తులు. బుద్ధుని రూపము లేదు. ఇంచుమించు మూడువందల యేండ్ల తరువాత, క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఆ ఱాతినే త్రిప్పి రెండవవైపున స్తూపమును చెక్కిరి. ఐరోపీయులు దీనిని పాలఱాయి యనిరి గాని యిది పలనాటి సున్నపుఱాయి. స్తూపము నేడు లేదు. స్తూపము ఎట్లుండెనో ఊహించుటకు ఇట్టి ఫలకములలోని స్తూపచిత్రములే పండితులకు ముఖ్యాధారములు. తాను భాగమైయుండిన కట్టడమును తన వంటిమీద మోయుచున్న ఱాయి అది. యాత్రికుడును అట్లుండవలసినవాడే. మాకది అద్దమువద్ద తోచలేదు. ఇల్లు చేరిన పిమ్మట, పుస్తకములు తిరుగవేయునపుడు తోచినది.

ఇల్లనగా కాచిగూడ. తిరిగివచ్చిన కొన్నాళ్ళకు ఒక బంధువును రైలెక్కించుటకై కాచిగూడ స్టేషనునకు పోయితిమి. బండి ఆలస్యము. ఇరువదియేండ్లుగా టిక్కెట్ల కిటికీని మాత్రమే చూచినవారము, ఆనాడు తలయెత్తి గుమ్మటములను, మీనారులను చూచితిమి. ఈ కట్టడము నిజాము మీర్‌ ఉస్మాన్‌ అలీఖాను కాలమున, 1916లో పూర్తియైనది. నిర్మాణశిల్పి విన్సెంటు ఎష్‌ అను ఆంగ్లేయుడు. అంతకుముందు కలకత్తాలో విక్టోరియా స్మారకభవన నిర్మాణమును పర్యవేక్షించినవాడు. మూసీ వఱదకు పిమ్మట నగరమును తిరిగి తీర్చిదిద్దిన కాలముననే అతడు వచ్చెను. ఉస్మానియా ఆస్పత్రి భవనమును అతనిదే. అనగా, మేము మఱచిన చింతచెట్టును, మేము చూడని స్టేషనును ఒకే కథలోనివి. మేము ఫ్లారెన్సునకు పోకముందు నూఱేండ్లక్రిందటనే ఒక పాశ్చాత్యయాత్రికుడు ఎదురుదిక్కున వచ్చి, ఇచ్చటి గుమ్మటములను చూచి, రైలుస్టేషనను క్రొత్త యుపమేయమునకు వానిని ఉపమానముగా జేసెను. ఈ శైలి పైపై వేషమని ఆక్షేపించువారు గలరు. ఆ యాక్షేపణమున కొంత న్యాయమును గలదు. కాని అతడు చూచెను. మేము చూడలేదు.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. ఇంటిని వెంటబెట్టుకొని పోవువాడు పరదేశమును పరదేశముగా చూడగలడా? ప్రతిదానిని స్వదేశముతో పోల్చుట సంకుచితత్వము కాదా? కాదని మా సమాధానము. ఎక్కువతక్కువలను తేల్చుటకు చేయు పోలిక వేఱు, తెలిసికొనుటకు చేయు పోలిక వేఱు. మొదటిది తీర్పు, అది అహంకారముననో ఆత్మన్యూనతతోనో ముగియును. మా దినచర్యలోని వాక్యము అట్టి తీర్పే. రెండవది ఉపమ; అందు ఉపమేయమును వెలుగును, ఉపమానమును వెలుగును. ఫ్లారెన్సు గోడవలన చింతచెట్టు మాకు పెద్దదైనది. చింతచెట్టువలన ఆ గోడ దగ్గఱయైనది. ఏదియు చిన్నది కాలేదు.

కావున పరిశోధకవిద్యార్థులకు మా మనవి యిది. తెలుగు యాత్రాచరిత్రములపై పనిచేయువారు చూచిన స్థలముల పట్టికలతో తృప్తిపడరాదు. ప్రతి గ్రంథములోని పోలికలను ఏర్చి, ఒక్కొక్కదానియందు ఉపమాన మెచ్చటిది, రచయిత దానిని స్వయముగా నెఱిగినదేనా, పాఠకు డెవరు, అని విచారింపవలెను. ఏ రచయితకు తన యూరు ఎంతవఱకు తెలియునో దీనివలన తేలును. ఆ రచన విలువయు తేలును. ఇక యూరపునకు పోదలచినవారు ముందుగా మూసీయొడ్డునకును, అమరావతికిని పోయి రావలెనని వేఱుగా చెప్పనక్కఱలేదు.

మా దినచర్యలోని వాక్యమును మేము కొట్టివేయలేదు. దానిప్రక్కన, ఆ విద్యార్థిని ప్రశ్నను తేదీతో వ్రాసియుంచితిమి.