టైరు మేస్త్రి లెక్క

గుడివాడ చుట్టుపక్కల చేపల చెరువున్నవాళ్లు పాత బొలెరో కొంటే మొదటి మజిలీ టైర్ల షాపే. వానాకాలంలో నల్లమట్టి చెరువుగట్టు మీద కూరుకుపోతే ట్రాక్టరు రావాల్సిందే మరి. "పెద్ద టైర్లు వేసెయ్యండి" అంటారు. మంచి మేస్త్రి వెంటనే జాకీ అందుకోడు.

215/75 ఆర్15 తీసి 235/75 వేస్తే చక్రం మొత్తం ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి నేల నుంచి లేచేది మాత్రం అందులో సగమే. మీటరు 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది. ఇవన్నీ ముందే చెప్పేవాడి మీదే నాకు గురి.

ఇక బిగించడం. అంచుకు సబ్బునీళ్లు రాసి, లివర్లతో టైరును రిమ్ముకు ఎక్కిస్తాడు. గాలి నిండుతుంటే అంచు టప్పుమని కూర్చుంటుంది. రెండోవైపు చప్పుడు కూడా వినేదాకా చెయ్యి దగ్గరికి పోనివ్వడు. నట్లు వరసగా కాదు, ఎదురెదురుగా బిగిస్తాడు. ఆపైన అసలు పరీక్ష. "స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి బాబుగారూ" అని తను చక్రం పక్కన గొంతుక్కూర్చుంటాడు. మడ్‌గార్డుకు రబ్బరు ఒరిస్తే చూడక్కర్లేదు, చెవికే తెలుస్తుంది. బరువు మీద కూడా ఒరుస్తుందేమో చూడ్డానికి మేత బస్తాలు నిండుగా వేసుకుని మళ్లీ రమ్మనేవాళ్లు మాత్రం అరుదు.

బొలెరో కాకుండా, బ్యాటరీ బరువు కూడా మోసే ప్లగ్‌-ఇన్ హైబ్రిడ్ బండయితే టైరు సైజు కన్నా ముందు దాని పక్కన ఉండే, టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ అంకె చూడాలి. నాగాయలంక రొయ్యల చెరువులకు తిరిగే అలాంటి బండికి "సైజు అదే ఉంచండి, గాడి లోతున్నది వేసుకోండి" అని, వచ్చిన బేరాన్ని తనే తగ్గించుకునే మేస్త్రీలూ ఉన్నారు.