పెట్టెలో చిక్కిన కిన్నెర

స్విచ్ వేయగానే పెట్టె లోపల టక్కు, టక్కు, టక్కుమని చప్పుడు. తెర మీద పాటల పేర్లు రెప్పపాటు కనబడి మాయమయ్యాయి. ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డర్ అది. పాలమూరు పల్లెలో తెల్లవార్లూ కూర్చుని, గొంతుకొక మైకు, కిన్నెరకొకటి, వంతపాటకు రెండు, డప్పుకొకటి పెట్టి ఎత్తుకున్న పాటలన్నీ అందులోనే ఉన్నాయి. కంగారులో నేను మళ్లీ స్విచ్ మీద వేలు పెట్టబోతే నల్లగొండ అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకోసారి ఏసినవంటే నీ పాటను నువ్వే గీకేసినట్టు తమ్మీ. పైలం."

ఆయన్ను నేను అన్నా అనే పిలుస్తాను. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒకప్పుడు వీసీఆర్‌లు బాగుచేసిన చేతులు అవి. వీడియో పార్లర్లు మూతపడ్డాక ఆ చేతులకు పని లేదనుకున్నారు అందరూ. నాకు తెలిసి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో చెడిపోయిన రికార్డర్ లోంచి పాటను పైకి తీయడంలో ఆయనను మించినవాళ్లు లేరు. ఈ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

విడివిడి ట్రాకులకు ఇంత ఆరాటమెందుకని కొందరు అడుగుతారు. సీడీ ఉంది కదా, ఫోన్లో పాట ఉంది కదా అంటారు. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, తేనెమైనంతో డక్కలి కళాకారులు కట్టుకునే కిన్నెరను దగ్గర కూర్చుని విన్నవాళ్లకు జవాబు తెలుసు. తీగ మోగాక బుర్రలో ఒక గుర్రుమనే జీర మిగులుతుంది. అవుసలికుంట దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ ఎత్తుకుంటే ఆ జీరే సగం కథ చెబుతుంది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. దామరగిద్ద దాసరి కొండప్పకు బుర్రవీణ మీద 2024లో వచ్చింది. మిక్సింగ్‌లో కీబోర్డు, ప్యాడ్లు పైకెత్తగానే ఇలాంటి వాద్యం అడుగున పడిపోతుంది. అది ఒంటరిగా, నిండుగా వినబడేది దాని సొంత ట్రాకులోనే. ఆ ట్రాకు పోతే రేపటి పిల్లవాడు ఆ మెట్ల మీద వేలు ఎట్లా నడిచిందో వినలేడు.

ఈ పెట్టెల చరిత్ర క్లుప్తంగా. 1991లో అమెరికాలో అలెసిస్ కంపెనీ ఏడాట్ అనే యంత్రాన్ని చూపించింది, మరుసటి ఏడాది అమ్మింది. ఎస్-వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ మీద ఎనిమిది డిజిటల్ ట్రాకులు. అవసరమైతే పదహారు యంత్రాలను జతచేసి 128 ట్రాకులు నడిపించొచ్చు. 1996లో వచ్చిన రోలండ్ వీఎస్-880 లాంటి పెట్టెల్లో పాట టేపు మీద కాక హార్డ్ డిస్కులోకి చేరింది. లక్షలు పోసి పెద్ద స్టూడియో కట్టలేనివాళ్లకు ఇలాంటి పెట్టెలే ఆసరా అయ్యాయి.

ఏడాట్ అంటే లోపల వీడియో క్యాసెట్ యంత్రమే. అన్న గొప్పతనం అక్కడే. గిర్రున తిరిగే హెడ్ డ్రమ్మును ఆయన పత్తితో ముట్టడు, పోగులు ఇరుక్కుంటాయని. స్పిరిట్‌లో తడిపిన తెల్లకాగితాన్ని కదలకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పుతాడు. కిందికీ మీదికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. గట్టిపడిన రబ్బరు చక్రాన్ని గోటితో నొక్కి చూసి మారుస్తాడు. దొరికితే రికార్డు చేసిన యంత్రం మీదే టేపు ఆడిస్తాడు, ఎందుకంటే ఒక్కో యంత్రం గీత ఒక్కో వాలున గీస్తుంది. ఒక్కసారే ఆడించి, ఎనిమిది ట్రాకులనూ ఒకేసారి ఆప్టికల్ తీగ గుండా కంప్యూటర్‌లోకి దింపుతాడు. కంప్యూటర్ గడియారం యంత్రం గడియారాన్ని అనుసరించాలి. అది మరిచారా, పాట నిండా చిటపటలే.

డిస్కు పెట్టెలది వేరే విద్య. ముందు డిస్కును ఊడదీసి ఇంకో మంచి డిస్కు మీదికి ఉన్నదున్నట్టు నకలు తీయాలి. దీనికి ఆంటోనియో దియాస్ దియాస్ రాసి లోకానికి ఉచితంగా ఇచ్చిన డీడీరెస్క్యూ ఉంది. ఆయనకు చేతులెత్తి మొక్కాలి. రాళ్ల చెలకను తెలిసిన రైతు దున్నినట్టే అది పనిచేస్తుంది. మెత్తటి నేలంతా ముందు దున్నేస్తుంది. రాయి తగిలితే నాగలి ఎత్తి ముందుకు పోతుంది, ఎక్కడ వదిలిందో గుర్తు రాసుకుంటుంది. చివరన తిరిగొచ్చి ఆ రాళ్ల సందులు ఒక్కొక్కటే పెకిలిస్తుంది. మా డిస్కుకు మూడు రాత్రులు పట్టింది.

నకలు దొరికినా పాట దొరికినట్టు కాదు. ఈ పెట్టెలు డిస్కు మీద రాసుకునే తీరు మామూలు కంప్యూటర్‌కు అర్థం కాదు. పెడితే "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. అక్కడ అవునన్నవాళ్ల చేతుల్లో ఎన్ని పాటలు చచ్చాయో! మాకు పాటల పట్టికే చెడిపోయింది. అన్న అంకెల వరుసను నేరుగా శబ్దంగా వినిపించాడు. మొదట బోరుమని హోరు. బైట్ల క్రమం తిరగేశాడు. ఆ హోరులోంచి కిన్నెర లేచింది. నా కళ్లలో నీళ్లు ఆగలేదు.

ట్రాకులన్నీ ముక్కలుగా వచ్చాయి. ఏది ఏ క్షణానిదో కలపాలి. డప్పు మొదటి దెబ్బ అన్ని మైకుల్లోకీ కొద్దో గొప్పో చొరబడి ఉంది. ఆ దెబ్బనే మేకు చేసుకుని ట్రాకులన్నీ దానికి కట్టాడు. వంతపాటలో పదకొండు సెకన్లు మాత్రం రాలేదు. ముందు చరణంలోంచి ముక్క తెచ్చి అతికిద్దామన్నాను. "వాళ్లు పాడనిది నేనెట్ల పెట్టాలె?" అన్నాడు. ఆ చోటు ఖాళీగానే ఉంది.

లోకంలో ఇంతకన్నా పెద్ద ఘనకార్యాలున్నాయి. 1860లో మసి కాగితం మీద గీసుకున్న స్వరపు గీతలను 2008లో అమెరికా పరిశోధకులు పాటగా వినిపించారు. బీటిల్స్ పాత మోనో టేపుల్లో కలిసిపోయిన గొంతులనూ వాద్యాలనూ కంప్యూటర్‌తో విడదీశారు. ఇవన్నీ గొప్పవే. కానీ ఇప్పుడు ఆ విడదీత పేరు చెప్పుకుని ప్రతివాడూ మిక్సు నుంచి పీల్చిన నకిలీ ట్రాకును "ఒరిజినల్" అని అమ్ముతుంటే నా ఒళ్లు మండుతుంది. ఇంకొందరు శుభ్రం చేస్తామని కిన్నెర జీరనే రొద అనుకుని తుడిచేస్తారు. ఎల్లమ్మ కథలో జమిడిక గుమ్మనే మోతను కోసేస్తారు. ఆపై డీజే బీటు తగిలించి పాలమూరు పాట అంటారు. అది కళకు చేసే ద్రోహం. మొదటి నకలును ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టాలి, శుభ్రం చేసుకునేవాళ్లు రెండో నకలు మీద చేసుకోవాలి. నేను ఈ పక్షమే.

జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటివాళ్లు మన మూలవాసుల వాద్యాలను ఊరూరా తిరిగి కూడబెట్టారు. వాద్యం దొరికింది సరే, మరి దాని మోత? అయస్కాంత టేపులను ఆడించే యంత్రాలు, వాటిని నడపగలిగిన మనుషులు కరువవుతున్నారని 2019లోనే యునెస్కో, అంతర్జాతీయ శబ్ద భాండాగారాల సంఘం కలిసి హెచ్చరించాయి. పాలమూరు విశ్వవిద్యాలయంలో ఒక్క గది చాలు. ఒక్కో రకం రికార్డర్ పనిచేసేది ఒక్కటి, విడిభాగాలకు ఇంకొకటి, అన్న దగ్గర కూర్చుని నేర్చుకునే ఇద్దరు పిల్లలు. ఆయనకు చూపు మందగిస్తోంది. మొన్న రబ్బరు చక్రం ఎక్కించడానికి నన్ను టార్చి పట్టుకోమన్నాడు.

పాత ఇనుప సామాన్లు కొనే బండి మీ వాకిట్లోకి వచ్చినప్పుడు, అటక మీది ఆ నల్ల పెట్టెను అందులో వేయకండి. పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్ కూడా వేయకండి. గుడ్డలో చుట్టి నల్లగొండకు పట్టుకురండి.