హక్కు కానుకైన కథ

2019 ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్ ప్రజలు లోక్‌సభకూ శాసనసభకూ ఒకేసారి ఓటు వేశారు. అంతకు ముందు మూడు నెలల్లో మన సినిమా పరిశ్రమ నుంచి నాలుగు రాజకీయ జీవిత కథలు వచ్చాయి. జనవరి 9న ‘ఎన్టీఆర్ కథానాయకుడు’, ఫిబ్రవరి 8న ‘యాత్ర’, ఫిబ్రవరి 22న ‘ఎన్టీఆర్ మహానాయకుడు’, మార్చి 29న ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’. ఈ చివరిది కోర్టు ఉత్తర్వు వల్ల ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికలకు ముందు ఆడలేదు, తెలంగాణలో ఆడింది. వీటిలో ఏది నిజం, ఏది అబద్ధం, ఏ పార్టీకి లాభం అన్న చర్చ చాలా జరిగింది. అవసరమైన చర్చే. కానీ ఈ సినిమాల్లో స్త్రీ ఎక్కడ నిలబడి ఉంది, ఓటు వేయబోయే స్త్రీకి అవి ఏ చోటు చూపిస్తున్నాయి అన్న ప్రశ్న దాదాపు ఎవరూ వేయలేదు. అప్పటి ఓటర్ల జాబితాలో పురుషుల కంటే స్త్రీలే ఎక్కువ. అయినా ఆ ప్రశ్న రాలేదు.

క్రిష్ తీసిన రెండు ఎన్టీఆర్ సినిమాలు బసవతారకం చూపు నుంచి కథ చెబుతాయి. ఒక నాయకుడి చరిత్రను అతని భార్య కళ్లతో చూపించడం మంచి ఆలోచన. అయితే ఆ కళ్లకు భర్త తప్ప ఇంకేమీ కనపడదు. పార్టీ పుట్టుక, 1983 గెలుపు, 1984 ఆగస్టులో పదవి పోవడం, సెప్టెంబరులో తిరిగి రావడం, అన్నీ ఆమె ముందు నుంచే సాగిపోతాయి. ఆమె అభిప్రాయం ఏమిటో మనకు తెలియదు. ఆమె మరణంతో సినిమా ముగుస్తుంది. ఆ ముగింపుకి మరో సౌకర్యం కూడా ఉంది. 1985 దగ్గర కథ ఆపేస్తే 1995 గురించి మాట్లాడక్కర్లేదు, రెండో భార్య పేరెత్తక్కర్లేదు.

ఆ వదిలేసిన కథనే రాంగోపాల్ వర్మ పట్టుకున్నాడు. లక్ష్మీపార్వతి ఎన్టీఆర్ దగ్గరికి ఆయన జీవిత చరిత్ర రాయడానికి వెళ్లిన మనిషి, తెలుగు సాహిత్యం చదువుకున్న అధ్యాపకురాలు. 1995లో ఆమె గురించి పత్రికల్లో వచ్చిన కార్టూన్లూ వ్యాఖ్యలూ స్త్రీవాదులు మళ్లీ తీసి చదవాల్సినవి. భర్త ద్వారా వచ్చే అధికారాన్ని ప్రశ్నించడం ప్రజాస్వామ్యంలో సబబే. అదే ప్రశ్న కొడుకులనీ అల్లుళ్లనీ అంత గట్టిగా ఎందుకు అడగలేదు? వర్మ సినిమా ఈ అన్యాయాన్ని సరిదిద్దుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆమెను పతిభక్తి గల భార్యగా కడిగి తెచ్చి, ఆమె ప్రత్యర్థి మీద సాక్షిగా నిలబెడుతుంది. దుష్టురాలైనా పతివ్రతైనా ఆమె కొలత భర్తే. రాయడానికి వచ్చిన స్త్రీ చివరికి రాయబడిన స్త్రీగానే మిగిలింది.

మహి వి. రాఘవ్ తీసిన ‘యాత్ర’ వీటికంటే మెరుగైన సినిమా. 2003 నాటి పాదయాత్ర కథ ఇది. తెలుగు తెర మీద కథానాయకుడు నోరు మూసుకుని ఆడవాళ్ల మాట వినడం అరుదు, ఇందులో వింటాడు. ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ వాళ్లు చెప్పేదంతా దుఃఖమే. దారి పొడవునా స్త్రీలు ఏడుస్తారు, దణ్ణం పెడతారు, ఆశపడతారు. ఎవరూ ఆయనతో వాదించరు. కష్టం వాళ్లది, పరిష్కారం ఆయనది. ప్రజలు అడిగి సాధించుకోవాల్సిన వైద్యం ఇక్కడ ఒక మంచి మనిషి గుండెలోంచి పుడుతుంది. అలా పుట్టినదానికి మనం ఏం చేయాలి? రుణం తీర్చుకోవాలి. ఓటు ఆ రుణం తీర్చే సాధనమవుతుంది.

ఎన్నికల ముందు వచ్చే సినిమాల అసలు ప్రభావం ఇదని నా అభిప్రాయం. అబద్ధాన్ని నిజమని నమ్మించడం కంటే, పౌరురాలిని రుణగ్రస్తురాలిగా కూర్చోబెట్టడం లోతైన పని. దీన్ని ఏ నియమావళీ పట్టుకోలేదు. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నంతకాలం ఏ పార్టీకో నాయకుడికో పనికొచ్చే జీవిత చిత్రాలను ప్రదర్శించకూడదని ఎన్నికల సంఘం 2019 ఏప్రిల్ 10న ఉత్తర్వు ఇచ్చింది. ప్రధాని మోదీ జీవిత చిత్రం దానివల్లే ఆగింది. ఆంధ్ర, తెలంగాణల్లో పోలింగు ఆ మర్నాడే! ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ తప్ప మిగతా సినిమాలు మార్చి 10న షెడ్యూలు రాకముందే విడుదలైపోయాయి. చట్టం తేదీలు చూస్తుంది, కథను చదవదు. కథను చదవడం మన పని.

ఆ కథ తెరమీద మాత్రమే లేదు. అదే సమయంలో అప్పటి ప్రభుత్వం డ్వాక్రా మహిళలకు పదివేల రూపాయలు మూడు విడతల చెక్కులుగా ఇచ్చింది. దాని పేరు ‘పసుపు-కుంకుమ’. మన ఊళ్లలో ఆడపిల్లకు పెళ్లిలో పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇవ్వడం, ఇక ఆస్తిలో వాటా అడగవద్దని చెప్పకనే చెప్పడం తెలిసిందే. ఆ మాట వితంతువును, ఒంటరి స్త్రీని, పసుపు కుంకుమల ఆచారం లేని ముస్లిం, క్రైస్తవ స్త్రీని గుమ్మం బయటే ఉంచుతుంది. విచిత్రమేమంటే, తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది ఇదే పార్టీ ప్రభుత్వం. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలైంది. దేశమంతటికీ అలాంటి సవరణ రావడానికి 2005 దాకా పట్టింది. వాటాతో మొదలైన ప్రయాణం ముప్పై నాలుగేళ్లకు పసుపు కుంకుమల దగ్గరికి చేరింది. హక్కు కానుకైపోయింది. పత్రికలూ చానళ్లూ ఆ పేరును ప్రశ్నించకుండా ప్రతి పూటా వల్లించాయి.

డబ్బు తీసుకుని ఓటు అమ్ముకున్నారని ఆడవాళ్లను తిట్టేవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెక్కులిచ్చిన పార్టీకి ఆ ఎన్నికల్లో 175 శాసనసభ స్థానాల్లో 23, 25 లోక్‌సభ స్థానాల్లో 3 మాత్రమే వచ్చాయి. ఎన్టీఆర్ సినిమాలు రెండూ ఆడలేదు. అంటే తెరకీ చెక్కుకీ ఓటును కొనే శక్తి లేదు. కానీ గెలిచిన పార్టీ కూడా అన్నగానే వచ్చింది, ‘అమ్మ ఒడి’తో వచ్చింది. 2024లో తిరిగి గెలిచిన కూటమి ‘ఆడబిడ్డ నిధి’ వాగ్దానం చేసింది. ఆ ఎన్నికల ముందు కూడా ‘యాత్ర 2’, ‘వ్యూహం’, ‘రాజధాని ఫైల్స్’ వచ్చాయి. ఓటరు పార్టీని మార్చగలిగింది. పార్టీలు తనను పిలిచే పిలుపును మార్చలేకపోయింది. చెల్లి, తల్లి, ఆడబిడ్డ. పౌరురాలు మాత్రం కాదు.

మరి బాధ్యత అంటే ఏమిటి? సమాధానం కోసం దూరం వెళ్లక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రానికి వెళ్లిన స్త్రీలు వాచకంలో సారా మీద ఉన్న పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు, అది తమ ఊరి కథేనని గుర్తుపట్టి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలిచారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు. ఆ తర్వాతే ‘ఈనాడు’ లాంటి పెద్ద పత్రికలు ఉద్యమాన్ని నెత్తికెత్తుకున్నాయి. పత్రిక వల్ల ఉద్యమం పెరిగింది, నిజమే. కానీ పత్రిక స్త్రీలను నడిపించలేదు, స్త్రీల వెనక నడిచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్య నిషేధం వాగ్దానంగా మారి 1995 జనవరిలో అమలైంది. దూబగుంట స్త్రీలు చేసింది సాహిత్య విమర్శ అంటాను నేను. పాఠంలో తాము ఎక్కడున్నామో చూసుకున్నారు, పాఠం చివర ఏం జరగాలో తామే నిర్ణయించారు.

1997లో ఆ నిషేధాన్ని సడలించారు. 2019లో మద్య నిషేధం దశలవారీగా తెస్తామన్న వాగ్దానం మళ్లీ వచ్చింది. ఐదేళ్లు ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, నిషేధం రాలేదు. 2024 అక్టోబరులో దుకాణాలు తిరిగి ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. స్త్రీలు పోరాడి సాధించుకున్న డిమాండు నాయకుడి దయగా తిరిగొచ్చినప్పుడు, దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా నాయకుడికి సులువే అవుతుంది. కానుకకీ హక్కుకీ ఉన్న తేడా ఇంతే. ఓటు వేసిన మర్నాడు ఈ తేడాను గుర్తుపెట్టుకోవడం కూడా ఓటరు బాధ్యతలో భాగమే.

మోతీనగర్, బోరబండ, కృష్ణానగర్ల ఇరుకు గదుల నుంచి తెల్లవారకముందే షూటింగులకు బయల్దేరే జూనియర్ ఆర్టిస్టులుంటారు. బహిరంగ సభల దృశ్యాల్లో నాయకుడికి చేతులు ఊపే స్త్రీలు వీళ్లే. రోజు కూలీకి జనంగా నటిస్తారు. ఆ నటనకు కూలి ఎంత, పని గంటలెన్ని, ప్రసూతి సెలవు మాటేమిటి అని ఏ రాజకీయ సినిమా అడగదు. చెయ్యి ఊపడం వాళ్ల వృత్తి. మనకు వృత్తి కూడా కాదు.

విశ్వవిద్యాలయాల్లో మనం కథలోని స్త్రీపాత్రల మీద సిద్ధాంత గ్రంథాలు రాస్తాం. పథకం పేరు మీద, ఎన్నికల సినిమా మీద, పత్రిక మొదటి పేజీ శీర్షిక మీద ఎంతమందిమి రాశాం? కోట్లాది స్త్రీలు రోజూ చదువుతున్న పాఠాలవి. వాటిని విమర్శకు తగని చవకబారు రచనలని పక్కన పెట్టినంతకాలం, వాటి అర్థం చెప్పే పని పార్టీల చేతుల్లోనే ఉంటుంది. దూబగుంటలో అప్పుడే అక్షరాలు దిద్దుతున్న స్త్రీలు చేయగలిగిన పని, ఇంత చదువుకున్న మనం ఎందుకు చేయలేకపోతున్నాం?