విత్తనాల పురి

మా నాయనమ్మ పాడిన పాటలు 42 క్యాసెట్లు. ఒక్కొక్కటీ 90 నిమిషాలది. గొబ్బి పాటలు, దంపుళ్ళ పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు. ఎనభైల్లో ఎండాకాలం సెలవులకి ఊరు వెళ్ళినప్పుడల్లా నాన్న వసారా అరుగు మీద టేప్‌రికార్డర్ పెట్టి ఆవిడ చేత పాడించారు. కొన్నేళ్ళ కిందట వాటన్నిటినీ నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. సీడీ నాణ్యతలో ఒక్కో క్యాసెట్ 950 మెగాబైట్ల దాకా తేలింది. మొత్తం కలిపి 40 గిగాబైట్లు.

మా ఇంటి చుట్టూ నాలుగు సీసీ కెమెరాలున్నాయి. సెకనుకి 2 మెగాబిట్ల లెక్కన ఒక్కో కెమెరా రోజుకి 21 గిగాబైట్ల పైచిలుకు రాస్తుంది. నాలుగూ కలిస్తే 86. నాయనమ్మ పాటలన్నిటికీ పట్టిన చోటుని మా గేటు ముందరి ఖాళీ రోడ్డు పన్నెండు గంటలు తిరక్కుండానే నింపేస్తుంది.

చాలాకాలం ఈ రెండూ ఒకే వాల్యూమ్‌లో ఉండేవి. ఆ పొరపాటు మాకు ఏం చేసిందో, దాని తర్వాత నేను ఏం నేర్చుకున్నానో ఈ వారం చెప్తాను.

హాల్లో రూటర్ పక్కన చిన్న నల్లపెట్టె ఒకటి ఉంటుంది. అందులో నాలుగు హార్డ్ డిస్కులు. దాన్ని నాస్ అంటారు. ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా, ఏ ల్యాప్‌టాప్ నుంచైనా వైఫైలో దాన్ని అందుకోవచ్చు. ఫోన్లలో తీసిన ఫోటోలు రాత్రిపూట వాటంతట అవే వచ్చి అందులో చేరతాయి. దాన్ని కొనడం ఒక పూట పని. లోపలి చోటుని ఎలా పంచాలో తెలుసుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

పొలం తెలిసినవాళ్ళకి ఈ పంపకం చప్పున అర్థమవుతుంది. నాలుగు డిస్కులు నాలుగు చెక్కల నేల అనుకోండి. మధ్య గట్లు కొట్టేసి ఒకటే కమతం చేస్తే అది స్టోరేజ్ పూల్. ఆ కమతంలో మళ్ళీ మనకి కావలసినట్టు గట్లు వేసుకుంటే ఒక్కో మడీ ఒక వాల్యూమ్. మడిలో ఏ సాలు దేనికన్నది షేర్డ్ ఫోల్డర్. పైకి మనకి కనిపించేవి ఫోల్డర్లే గనక కింద గట్లు ఎలా ఉన్నాయో ఎవరూ పట్టించుకోరు. నీళ్ళు పొర్లినప్పుడే గట్టు గుర్తొస్తుంది.

నాలుగు డిస్కులూ ఒక్కోటి 4 టెరాబైట్లవి. మొత్తం 16. వాడుకోవడానికి మిగిలేది 12, అదీ తెర మీద 10.9 అని చూపిస్తుంది. డిస్కు తయారుచేసేవాళ్ళు వెయ్యిల్లో లెక్కపెడితే, పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్ 1024ల్లో లెక్కపెడుతుంది. తేడా అక్కడ వస్తుంది, ఎవరూ మోసం చెయ్యలేదు. ఇక ఆ 16లో 4 ఎటు పోయాయంటే, కాపలాకి. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పేపరు రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకదాని బదులు చవక డిస్కులు కొన్నిటిని జట్టు కట్టించి, ఒకటి పోయినా మిగతావి ఆ లోటు పూడ్చేలా చెయ్యొచ్చన్నది అందులో సారం. ఈరోజు మనం రెయిడ్ అంటున్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

పూడ్చడం ఎలాగో ఒక్కసారి దగ్గరగా చూడండి, నాకు ఇప్పటికీ అది ముచ్చటగానే ఉంటుంది. మూడు డిస్కుల్లో ఒకే వరసలో 1, 0, 1 ఉన్నాయనుకుందాం. ఒకట్లు రెండు, సరిసంఖ్య. అందుకని పెట్టె నాలుగో డిస్కులో 0 రాస్తుంది. బేసి అయితే 1 రాసేది. అంటే నాలుగిటిలోనూ కలిపి ఒకట్లు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాలి. ఇప్పుడు రెండో డిస్కు కాలిపోయింది. మిగిలినవి 1, 1, 0. ఒకట్లు రెండున్నాయి, లెక్క సరిపోయింది, కాబట్టి పోయినది 0. ఇంతే. చిన్నపిల్లలకి చెప్పగలిగిన ఈ లెక్కనే పెట్టె కోట్లసార్లు వేస్తుంది. కాపలా బిట్లన్నీ ఒకే డిస్కు మీద పడకుండా నాలుగిటికీ వంతులు వేస్తుంది. దీన్నే రెయిడ్ 5 అంటారు.

ఇక జరిగిన సంగతికొస్తాను. మాఘమాసంలో కెమెరాలు పెట్టించాం. రికార్డింగుల ఫోల్డర్‌ని ఉన్న ఒక్క వాల్యూమ్‌లోనే పెట్టాను, ఎన్నాళ్ళు దాచాలో హద్దు పెట్టలేదు. బోలెడు చోటుంది కదా అనిపించింది. వైశాఖంలో మేనకోడలి పెళ్ళి. రోజుకి 86 చొప్పున నిండుతూ వచ్చిన వాల్యూమ్ సరిగ్గా పెళ్ళిపనుల్లో ఉండగా అంచుకి చేరింది. హెచ్చరిక మెయిల్ వచ్చింది, ఆ సందట్లో చూడలేదు. ఫోన్ల నుంచి ఫోటోలు రావడం ఆగిపోయింది. పదకొండు రోజులు ఒక్క ఫోటో కూడా చేరలేదు. మా ఆవిడకి వారానికోసారి ఫోన్‌లో ఫోటోలు తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసే అలవాటు. పెట్టెలోకి వెళ్ళిపోయి ఉంటాయన్న నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది నేనే. ఎప్పటిలాగే తీసేసింది.

చుట్టాల ఫోన్ల నుంచి, వాట్సాప్ గ్రూపుల నుంచి చాలావరకు ఏరుకొచ్చాం. మంగళస్నానాల రోజున మా అమ్మ మనవరాలి మాడు మీద నూనె పెడుతూ ఏదో చెవిలో చెప్పి ఇద్దరూ నవ్విన వీడియో ఒకటుండాలి. అది దొరకలేదు.

పెళ్ళి అయ్యాక కూర్చుని కెమెరా రికార్డింగులు ఒక టెరాబైటు మేర డిలీట్ చేశాను. ఖాళీ అంకె కదల్లేదు. ఇంకో టెరాబైటు తీశాను. కదల్లేదు. అరగంట తర్వాత వెలిగింది, స్నాప్‌షాట్లు. రోజూ అర్ధరాత్రి ప్రతి ఫోల్డర్‌కీ ఒక స్నాప్‌షాట్ తీసి 30 రోజులు ఉంచమని నేనే పెట్టుకున్నాను. స్నాప్‌షాట్ అంటే నకలు కాదు. ఆ క్షణాన ఏ ఫైలు ఎక్కడుందో ఆ జాగాలన్నిటికీ తాళం వెయ్యడం. తర్వాత మనం ఫైలు చెరిపినా తాళం ఉన్నంతకాలం ఆ జాగా ఖాళీ అవ్వదు. పొరపాటున చెరిపిన ఫోటోని నిన్నటి స్నాప్‌షాట్ నుంచి తెచ్చుకోవచ్చు, అది గొప్ప వరం. అదే వరాన్ని ఖాళీ రోడ్డుకి కూడా ఇచ్చేశాను.

మా ఊళ్ళో తిండిగింజలు గాదెలో పోసేవారు. విత్తనాల వడ్లు అందులో కలిపేవారు కాదు. వరిగడ్డితో పేనిన వెంటి చుట్టి, విడిగా చిన్న పురి కట్టి, అందులో పోసి పైన మట్టితో మెత్తేవారు. గాదె అడుగంటినా ఎవరూ పురి వైపు చూసేవారు కాదు. పిల్లలం ఆటల్లో దానికి ఆనుకుంటే చాలు, నాయనమ్మ కేకేసేది. రెంటిలోనూ ఉన్నది వడ్లే. చేతిలో పోసుకుంటే తేడా తెలియదు. తేడా అంతా మళ్ళీ సంపాదించుకోగలమా లేమా అన్నదాంట్లోనే ఉంది.

వాల్యూమ్‌లు పంచడమంటే ఈ ప్రశ్న వేసుకోవడమే అని నాకు అప్పుడు తెలిసింది. ఏ ఫైలు ఎంత పెద్దదో పెట్టెకి తెలుసు. ఏది పోతే మళ్ళీ రాదో దానికి తెలియదు, అది ఇంట్లోవాళ్ళు కూర్చుని తేల్చాలి.

గట్టు మార్చడం మాత్రం తేలిక కాదు. ఇళ్ళల్లో వాడే ఇలాంటి పెట్టెల్లో వాల్యూమ్‌ని పెంచుకోవడం రెండు నొక్కుల పని, తగ్గించడం దాదాపు కుదరదు. చెరిపేసి మళ్ళీ కట్టాల్సిందే. కెమెరా రికార్డింగులు తీసేస్తే మాది అని చెప్పుకోదగ్గ సరుకు 3 టెరాబైట్లుంది. దాన్ని రెండు బయటి డిస్కుల్లోకి రెండుసార్లు ఎక్కించాను. ఒక్కో దాంట్లో పాతిక ఫైళ్ళు తెరిచి చూశాను, పాటలు విన్నాను. అప్పుడు గానీ డిలీట్ నొక్కడానికి చెయ్యి రాలేదు.

10.9లో ఇప్పుడు ఇంటి వాల్యూమ్‌కి 5 టెరాబైట్లు, కెమెరాలకి ఒకటిన్నర. మిగతా 4.4 ఏ వాల్యూమ్‌కీ ఇవ్వకుండా బీడుగా వదిలేశాను. ఉన్నదంతా మొదటిరోజే పంచెయ్యాలన్న ఆత్రం వద్దని ఎవరు అడిగినా చెప్తాను. పెంచుకోగలం, తగ్గించుకోలేం గనక ఖాళీగా ఉన్నదే మన చేతిలో ఉన్నట్టు. కెమెరాల వాల్యూమ్‌లో 15 రోజులు దాటినవి వాటంతట అవే చెరిగిపోతాయి. స్నాప్‌షాట్లు లేవు. అది నిండితే కెమెరా ఆగుతుంది, ఫోటోలు ఆగవు. ఫోల్డర్‌కి కోటా పెడితే సరిపోదా అని మిత్రుడొకాయన అడిగారు. చోటు మట్టుకైతే సరిపోతుంది. కానీ రెండు వాల్యూమ్‌లైతే వేటి నియమాలు వాటికి. ఒకదాని ఫైల్‌సిస్టమ్ చెడినా రెండోదానికి అంటదు. అయితే రెండూ ఉన్నది ఒకే పూల్ మీద. పూల్ మునిగితే రెండూ మునుగుతాయి.

ఆ భయం కూడా ఒకసారి చూశాను. నెలకోసారి డిస్కుల ఆరోగ్యం తీసి రాసుకుంటాను. చెడిపోయిన చోటుని వదిలి వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క అందులో ఉంటుంది. మూడో డిస్కుకి ఎప్పుడూ సున్నా ఉండేది 8 అయింది. మరుసటి నెల 64. కొత్తది తెప్పించి అలమరలో పెట్టాను. జ్యేష్ఠంలో ఒక రాత్రి ఒంటిగంటప్పుడు హాల్లోంచి ఆగకుండా కీచుమని మోత. మూడో ట్రే దగ్గర నారింజ రంగు దీపం. ట్రే లాగితే డిస్కు చేతికి కాలుతోంది. నాలుగు మరలు విప్పి, కొత్తది బిగించి, తోశాను. రీబిల్డ్ మొదలైంది.

మూడు డిస్కులు మొదటి నుంచి చివరిదాకా చదివి, ఇందాక చెప్పుకున్న లెక్క వేసుకుంటూ నాలుగోది నింపాలి. పది గంటలు పట్టింది. ఈ పది గంటల్లో ఇంకో డిస్కు పోతే ఏమీ మిగలదు. నాలుగూ ఒకే రోజు, ఒకే కొట్లో కొన్నవి, ఒకే వయసువి. ఇళ్ళల్లో వాడే డిస్కుల కాగితాల మీద 1 పక్కన 14 సున్నాల బిట్లు చదివితే ఒకటి చదవలేకపోవచ్చని రాసి ఉంటుంది. అంటే 12.5 టెరాబైట్లు. ఆ రాత్రి చదవాల్సింది 12. అది తయారీదారులు పెట్టుకున్న హద్దేననీ, నిజానికి డిస్కులు అంతకన్నా బాగానే పనిచేస్తాయనీ తెలుసు. తెలిసినా నిద్ర పట్టలేదు. డిస్కుల్ని నెలకోసారి ఈ చివరి నుంచి ఆ చివరికి చదివించే స్క్రబ్ అనే పనిని అప్పటి నుంచి ఒక్క నెల కూడా తప్పించలేదు. మూల మూలల్లో చెడినది ఉంటే అన్నీ బాగున్న రోజునే బయటపడాలి.

నాలుగింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే పెట్టె ఆగిపోయే వీలుంది. డేటా రాసి, దాని కాపలా బిట్టు రాయకముందే ఆగితే లెక్క తప్పుతుంది. అందుకే మధ్యలో చిన్న యూపీఎస్ పెట్టాను, దాని తీగ పెట్టెకి కలిపి ఉంటుంది. బ్యాటరీ అయిపోవచ్చేసరికి పెట్టె మర్యాదగా తనంతట తాను మూసుకుంటుంది. కొత్తగా పెట్టుకునేవాళ్ళు ఐదో డిస్కు కన్నా ముందు ఇది కొనండి.

ఇంత కాపలా ఉన్నా రెయిడ్ బ్యాకప్ కాదు. ఫోటో చెరిపితే నాలుగు డిస్కుల్లోనూ చెరుగుతుంది. పిడుగు పడితే, దొంగ ఎత్తుకుపోతే పెట్టె మొత్తం పోతుంది. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. మూడు టెరాబైట్లకి అంత పని ఎవరు చేస్తారని వాయిదా వేస్తూ వచ్చాను. మళ్ళీ రానివి ఏవో తేల్చడానికి ఒక ఆదివారం నేనూ మా ఆవిడా కూర్చున్నాం. సినిమాలు వద్దు, మళ్ళీ దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్లు వద్దు. ఒకే పువ్వుకి తీసిన ముప్పై ఫోటోల్లో ఒకటి చాలు. తీసేస్తూ పోతే చివరికి పాటలు, ఫోటోలు, అమ్మ వీడియోలు, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల చేతిరాతలు మిగిలాయి. 220 గిగాబైట్లు. ఇంతేనా అని ఇద్దరం కాసేపు ఆ అంకె వైపే చూశాం. మా జీవితంలో మళ్ళీ రానిదంతా అరచేతిలో పట్టే డిస్కులో ఒక మూలకి సరిపోయింది. ఆ ఫోల్డర్‌కి విత్తనాలు అని పేరు పెట్టాను.

దాని ప్రతి ఒకటి రాజమండ్రిలో చెల్లెలి బీరువాలో ఉంటుంది. ఇలాంటి డిస్కులు రెండున్నాయి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొత్తగా నింపింది అక్కడ పెట్టి పాతది తెచ్చుకుంటాను. పెట్టేముందు ఏదో ఒక ఫైలు తెరిచి చూడాలన్నది నియమం. తెరవని బ్యాకప్‌ని నేను నమ్మను.

ఈ ఏడాది భోగి సాయంత్రం చెల్లెలు వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి, ఏదో ఒకటి నేనే నొక్కుతానంది. 17వ క్యాసెట్, రెండో వైపు. ముందు గరగరమని టేపు చప్పుడు. దూరంగా ఎక్కడో దూడ అరుపు. నాయనమ్మ గొబ్బి పాట ఎత్తుకుని, రెండో చరణం మధ్యలో దగ్గొచ్చి ఆగింది.

"పడుతోందట్రా?" అని అడిగింది.

"పడుతోందమ్మా, నువ్వు పాడు."

42 క్యాసెట్లలోనూ నాన్న గొంతు ఉన్నది ఆ ఒక్కచోటే. చెల్లెలు వెనక్కి జరిపి మళ్ళీ వేసింది.