మంచినీళ్లలో మంచెంత?

‘మంచినీళ్లు తాగి గ్రామస్థులకు అస్వస్థత’ అని శీర్షిక పడితే పత్రిక డెస్కులో ఎవరో ఒకరు నవ్వుతారు. మంచివైతే అస్వస్థత ఎందుకయ్యా అని.

ఆ నవ్వు తొందరపాటు. ఇక్కడి మంచికీ మంచితనానికీ చుట్టరికం తక్కువ. ఉప్పునీళ్లు కానివి మంచినీళ్లు, అంతే. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఫలానా బావి ఉప్పుది, ఫలానాది మంచినీళ్లది అంటారు. పులికాట్ ఉప్పునీటి సరస్సు, కొల్లేరు మంచినీటి సరస్సు. అలాగని కొల్లేటి నీళ్లు దోసిట పట్టి తాగమని ఎవరూ చెప్పరు.

మంచి అన్న మాట తోడును బట్టి పని మార్చుకుంటుంది. మంచిగంధమంటే అసలైన గంధం, ఎర్రచందనం కాదు. మంచినూనె నిఘంటువులో నువ్వులనూనె, తెలంగాణ కిరాణా కొట్లో పల్లీనూనె. మిట్టమధ్యాహ్నం వచ్చినవాణ్ణి ‘ఇంత మంచి ఎండలో వచ్చావేంట్రా’ అంటాం. మాడు పగలడం తప్ప అందులో మంచేముంది! పేరుకూ సరుకుకూ పొంతన లేకపోవడం మంచి ఒక్కదానికే కాదు: మినరల్ వాటర్ అని ఇంటి ముందు దించే క్యాన్లో ఖనిజాలనైతే ఆర్వో ప్లాంటు చాలావరకు ముందే తీసేసి ఉంటుంది.

ఇంతదాకా నేను మాట పక్షమే. నల్లగొండ దగ్గరకొచ్చేసరికి నోరు పెగలదు. అక్కడి నీళ్లలోని ఫ్లోరైడుకు రంగుండదు, వాసనుండదు, నాలుకకు అందదు. ఉప్పగా లేవు కాబట్టి అవి మంచినీళ్లే అయ్యాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. అది దాటిన నీళ్లే తాగి మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో తరాల తరబడి పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకరపోయాయి, నడుములు వంగిపోయాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఏ జిల్లాకూ దక్కకూడని గుర్తింపు అది.

అలాగని మంచినీళ్లను కొట్టేసి ‘తాగునీరు’ అని దిద్దితే పనైపోదు. అవి తాగదగ్గవేనని అదీ పూచీ పడుతుంది. పైగా ఇంటికొచ్చిన చుట్టాన్ని ‘తాగునీరు కావాలా’ అని అడిగినవాళ్లను నేనెక్కడా చూడలేదు. ఇంట్లో మంచినీళ్లను మంచినీళ్లుగానే ఉండనిద్దాం. వార్తలో మాత్రం నీళ్లు ఎక్కడివో చెప్పాలి: బోరువా, నల్లావా, ట్యాంకరువా, క్యానువా?

రిపోర్టర్లకు ఒక విన్నపం. మాట సంగతి డెస్కు చూసుకుంటుంది. ఆ నీళ్లు ఎక్కణ్నించి వచ్చాయో, చివరిసారి పరీక్ష ఎప్పుడు చేశారో కనుక్కుని పంపండి.