ఇంటిపేరు వెనుక ఇంకొక పేరు

వంశావళి అనగానే రాజులే గుర్తుకు వస్తారు. కెనడాలోని ఫ్రెంచి వారికి మాత్రం అది వలస వచ్చిన రైతుల, వడ్రంగుల, సిపాయిల సంగతి. సిప్రియెన్ తాంగే అనే క్రైస్తవ మతగురువు 1871 నుండి 1890 వరకు ఏడు సంపుటాలుగా వెలువరించిన ఫ్రెంచి కెనడా కుటుంబాల నిఘంటువును ఇటీవల మేము తీరికగా తిరగవేశాము. పుట తరువాత పుట పేర్లే. అయినా వదలబుద్ధి కాలేదు.

దీని బలం చర్చి రిజిస్టర్లు. జ్ఞానస్నానం, పెండ్లి, ఖననం ప్రతి ఒక్కటీ రెండు ప్రతులలో వ్రాయాలనీ, ఒకటి న్యాయస్థానానికి చేరాలనీ 1667 నాటి ఫ్రెంచి రాజశాసనం. ఒకటి కాలిపోయినా రెండవది మిగిలేది. తాంగే వాటిని ఊరూరా వెదకి, ఇంటిపేరు క్రమంలో ఒక్కొక్క జంటనూ, వారి సంతానాన్నీ పేర్చాడు.

అసలు చిక్కు 'దీ' అనే చిన్న మాటలో ఉంది. అంటే 'అనబడే' అని అర్థం. మివీల్ దీ దెషేన్, ఉదోన్ దీ బోల్యో. 1665లో వచ్చిన కారిన్యాన్-సాలియేర్ పటాలం సిపాయిలకు లాఫ్లర్, సాన్‌సూసీ వంటి మారుపేర్లుండేవి. అవే కొన్ని ఇండ్లకు ఇంటిపేర్లయ్యాయి. ఒకే తండ్రి బిడ్డలలో ఒకరు మొదటి పేరు, మరొకరు రెండవ పేరు పట్టుకుంటే, మనుమల నాటికి వారు పరాయివారే. తాంగే ఏడవ సంపుటం చివర ఈ రూపాంతరాల పట్టిక ఇచ్చి గొప్ప మేలు చేశాడు. తరువాత అమెరికా మిల్లులకు వలసపోయినవారిలో బ్వావేర్ గ్రీన్‌వుడ్ అయ్యాడు, లెబ్లాన్ వైట్ అయ్యాడు. కొండవీటి వారిని ఎవరో హిల్ అని వ్రాసినట్టు!

పుస్తకంలో తప్పులు లేకపోలేదు. లెబఫ్ వంటి వారు 1957 తరువాత సవరణలు వెలువరించారు. 1983లో రెనే జెట్టే 1730 వరకు ఉన్న కుటుంబాలకు మరింత నమ్మదగిన నిఘంటువు కూర్చాడు. మా అభ్యంతరం తేదీల గురించి కాదు. 1663-73 మధ్య రాజు ఖర్చుతో వచ్చిన సుమారు 770 మంది యువతులు లేకపోతే ఆ వంశాలలో ఎన్నో ఉండేవే కావు. రిజిస్టరులో వారు పుట్టింటి పేరుతోనే ఉన్నారు. నిఘంటువులో మాత్రం భర్త పేరు తెలియనిదే వారి జాడ దొరకదు. బానిసల గతి ఇంకా కష్టం. మార్సెల్ త్రుడెల్ 1990లో ప్రత్యేకంగా వారి నిఘంటువు కూర్చి, నాలుగు వేలకు పైగా మనుషులను వెలికి తీశాడు. వారిలో మూడింట రెండు వంతులు పానీలనబడే ఆదివాసులు. ఇంటిపేరు లేనివారిని ఇంటిపేర్ల పుస్తకంలో ఎక్కడ వెదుకుతాం?

ఈ మాట మారిషస్‌లోని మనవారికి వేరే చెప్పనక్కరలేదు. 1834 తరువాత ఓడ దిగిన మన పెద్దలకు గుమాస్తా ఒక నంబరు వేసి, చెవికి తోచినట్టు పేరు వ్రాశాడు. ఇంటిపేరు అక్కడే రాలిపోయి, తండ్రి పేరే కొడుకులకు ఇంటిపేరయింది. నాయుడు నైడూ అయ్యాడు. ఆ పత్రాలు నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. వాటిలో ఓడ దిగిన స్త్రీకీ తన నంబరు తనకుంది. మనవారెవరైనా మన కుటుంబాల నిఘంటువుకు పూనుకుంటే, తాంగే క్రమాన్ని తీసుకోవచ్చు గాని, అమ్మమ్మలకు మాత్రం వేరే పద్దు వ్రాయమని కోరుతున్నాము.