భుజాలు తడుముకోని ముఖాలు: డిటెక్టివ్ వీడియో గేముల్లో ముఖాభినయం, నేరనిర్ధారణ

ప్రవేశిక

‘గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు’ అనే సామెతను మనం నవ్వుతూ వాడుతుంటాం. కాని అందులో ఒక పూర్తి నేరపరిశోధన పద్ధతి ఇమిడి ఉంది. సాక్షి లేడు, ఆధారం లేదు. ఉన్నదల్లా ఒక ప్రశ్న, ఆ ప్రశ్నకు తెలియకుండానే బదులిచ్చిన ఒక శరీరం. పద్ధతితోపాటు దాని లోపమూ అందులోనే ఉంది. దొంగ అన్న మాట నలుగురిలో వినబడినప్పుడు, తన భుజానికి ఎక్కడైనా బూడిద అంటిందేమోనన్న కంగారు ఏ పాపం ఎరుగని వాడికి కూడా కలగవచ్చు. సామెత ఆ మనిషిని లెక్కలోకి తీసుకోదు.

శరీరం చెప్పే ఇటువంటి సాక్ష్యాన్నే ప్రధానాధారంగా చేసుకొని నిర్మించిన వీడియో గేమ్ ‘ఎల్.ఏ. నోయర్’. ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చెందిన టీమ్ బోండై సంస్థ దీనిని రూపొందించగా, రాక్‌స్టార్ గేమ్స్ 2011 మే నెలలో విడుదల చేసింది. అంతకు ముందు నెలలోనే న్యూయార్క్‌లో జరిగే ట్రైబెకా చలనచిత్రోత్సవం దీనిని ప్రదర్శనకు స్వీకరించింది. ఆ ఉత్సవం ఒక వీడియో గేమ్‌కు చోటివ్వడం అదే మొదటిసారి. ఆ గౌరవం కథకు దక్కినదానికన్నా ముఖాలకు దక్కిందనడమే సబబు. ఆ ముఖాలలోని నటన ఎటువంటిది, ఆటగాడు ఆ నటనను ఏం చేయవలసి వస్తున్నది అనే రెండు ప్రశ్నలు ఈ వ్యాసానికి విషయం. ఈ గేమ్‌పై వచ్చిన విమర్శ చాలామటుకు సాంకేతికత దగ్గరే ఆగిపోయింది. లోపం సాంకేతికతలో కన్నా, ఆ నటనకు అప్పగించిన పనిలో ఉందని నా అభిప్రాయం.

32 కెమెరాల నడుమ నటుడు

కథాకాలం 1947, స్థలం లాస్ ఏంజెలెస్. రెండవ ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చి పోలీసు శాఖలో చేరిన కోల్ ఫెల్ప్స్ కథానాయకుడు. ‘మ్యాడ్ మెన్’ టెలివిజన్ ధారావాహికలో కెన్ కాస్‌గ్రోవ్‌గా కనిపించే ఆరన్ స్టాటన్ ఈ పాత్రను పోషించాడు. అతనితోపాటు 400 మందికి పైగా నటీనటులు ఇందులో పాలుపంచుకున్నారు.

అప్పటి ఇతర గేముల్లో ముఖాన్ని యానిమేటర్లు చేత్తో కదిలించేవారు, లేదా నటుడి ముఖంపై చుక్కలు అతికించి వాటి కదలికను మాత్రమే నమోదు చేసేవారు. ఇక్కడ వాడిన ‘మోషన్‌స్కాన్’ పద్ధతి వేరు. గట్టి వెలుతురు నిండిన గదిలో నటుణ్ణి ఒక కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ అమర్చిన 32 కెమెరాలతో తలను అన్ని దిక్కుల నుంచీ ఏకకాలంలో చిత్రీకరించారు. ఆ చిత్రాల నుంచి త్రిమితీయమైన తల తయారైంది. ముడుత పడిన నుదురు, మింగిన గుటక, క్షణంపాటు బిగిసిన దవడ ఉన్నవి ఉన్నట్టుగా తెరమీదికి వచ్చాయి. యానిమేటర్ వ్యాఖ్యానానికి తావు లేకపోయింది. దీనిని ముఖపు బొమ్మ అనేకంటే ముఖపు అచ్చు అనడం సరిపోతుంది.

ఈ పద్ధతికి చెల్లించిన మూల్యం శరీరం. నటులు తమ దేహచలనాలను మరొకచోట, మరొక సమయంలో, వేరే చిత్రీకరణలో ఇచ్చారు. తరువాత తలను, మొండేన్ని కంప్యూటర్‌లో కలిపారు. గేమ్ ఆడినవారికి ఆ అతుకు తెలుస్తూనే ఉంటుంది. ముఖం కోపంతో అదురుతుంటే భుజాలు నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాయి. మెడ దగ్గర రెండు అభినయాలు కలుసుకొని కూడా ఒకదానినొకటి పలకరించుకోవు. మన సామెత దొంగను పట్టించింది భుజాలే. ఈ యంత్రం వదిలేసింది కూడా సరిగ్గా వాటినే.

శరీరం, ముఖం, గొంతు మూడింటినీ ఒకేసారి పట్టుకునేందుకు నటుడి తలకే చిన్న కెమెరాను బిగించే పద్ధతి తరువాత స్థిరపడింది. టీమ్ బోండై 2011లోనే మూతబడింది. మోషన్‌స్కాన్‌ను అంత విస్తృతంగా వాడిన పెద్ద గేమ్ మరొకటి రాలేదు.

అవహిత్థ: దాచడాన్ని చూపడం

విచారణ ఘట్టాల నిర్మాణం ఇలా ఉంటుంది. ఫెల్ప్స్ తన నోటుపుస్తకంలోని ఒక ప్రశ్న అడుగుతాడు. ఎదుటి వ్యక్తి జవాబు చెబుతాడు. మాట ముగిసిన తరువాత కూడా ఆ ముఖం తెరమీద నిలిచే ఉంటుంది. ఆటగాడు చదవవలసింది మాట తరువాతి ఈ మౌనాన్ని. ‘ట్రూత్’, ‘డౌట్’, ‘లై’ అనే మూడు మీటల్లో ఒకటి నొక్కాలి. ‘లై’ నొక్కినప్పుడు ఆధారం చూపించాలి. ఆధారం లేని అనుమానానికి ‘డౌట్’. అంటే అబద్ధాన్ని రుజువు చేసే భారం వస్తువులది, అబద్ధం ఉందని సూచించే భారం నటుడి ముఖానిది.

నాట్యశాస్త్రం చెప్పిన 33 వ్యభిచారి భావాలలో ‘అవహిత్థ’ ఒకటి. ఆకారాన్ని, అంటే లోపలి భావం బయటికి తెలిపే చిహ్నాలను, కప్పిపుచ్చడం దాని స్వభావం. చూపు మరొకవైపు తిప్పడం, మాట మార్చడం, చెబుతున్న మాటను మధ్యలో తుంచడం, లేని ధైర్యం నటించడం దాని అనుభావాలు. ‘ఎల్.ఏ. నోయర్’ విచారణ గదిలో కూర్చున్న అనుమానితుల జాబితా చదివినట్టే ఉంటుంది ఇది. ప్రశ్న పడగానే కళ్లు పక్కకు జారతాయి, పెదవి లోపలికి ముడుచుకుంటుంది, గుటక పడుతుంది, గడ్డం కొంచెం పైకి లేస్తుంది. నటుడికి ఇది కత్తిమీద సాము. పాత్ర దాచాలి, నటుడు ఆ దాపరికాన్ని చూపాలి. పూర్తిగా దాస్తే ఆటగాడికి ఆట లేదు, పూర్తిగా చూపితే పాత్ర లేదు.

మంచి నటులు ఈ సందులోనే రాణిస్తారు. భూవ్యాపారి లీలండ్ మన్రో పాత్రధారి జాన్ నోబుల్ ముఖం అందుకు నిదర్శనం. అతడు నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా ఆ ముఖంలో అధికారమే ముందుగా కనిపిస్తుంది. చిన్న పాత్రల దగ్గర మాత్రం దాపరికం సైగగా దిగజారింది. నిజం చెప్పేవాళ్లు తిన్నగా చూస్తూ కదలకుండా కూర్చుంటారు, తక్కినవాళ్లు కళ్లు తిప్పుతారు. కొన్ని కేసులు గడిచేసరికి ఆటగాడు మనుషులను చదవడం మానేసి, దర్శకుడు నటుడికి ఇచ్చిన సూచనను చదవడం మొదలుపెడతాడు. ‘ఈమె అబద్ధం చెబుతోందా’ అన్న ప్రశ్న ‘ఈమెకు అబద్ధమాడమని చెప్పారా’ అన్న ప్రశ్నగా మారిపోతుంది.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. అవహిత్థకు నాట్యశాస్త్రం చెప్పిన కారణాలు లజ్జ, భయం, అపజయం, గౌరవం, కపటం. ఈ అయిదింటిలో కపటం ఒక్కటి. పెద్దల ముందు, అధికారి ముందు తలవంచుకొని నేలచూపులు చూడటం మన ఊళ్లలో నేరానికి గుర్తు కాదు, మర్యాదకు గుర్తు. గేమ్ ఈ అయిదు కారణాలనూ ఒక్క అనుమానపు మీటలో కుదించింది. ‘ది ఫాలెన్ ఐడల్’ కేసులో ఆసుపత్రి మంచంమీద ఉన్న జెస్సికా హామిల్టన్‌కు పదిహేనేళ్లు. సినిమా అవకాశం కోసం ఇల్లు విడిచి వచ్చి, మత్తుమందుకు, వంచనకు గురైన పిల్ల. ఆమె దాస్తున్నది సిగ్గునూ భయాన్నీ. అయినా ఆమె ముందు కూర్చున్న ఫెల్ప్స్ చేతిలో ఉన్నవి హంతకుడి ముందు ఉన్నప్పటి మూడు మీటలే. ఆ పాత్రధారిణి ముఖంలో లజ్జ స్పష్టంగా ఉంది. దానిని లజ్జగా స్వీకరించే చోటు మాత్రం ఆటలో లేదు.

మనస్తత్వశాస్త్రం కూడా ఈ మీటలకు అనుకూలంగా లేదు. ముఖకండరాల కదలికలను వర్గీకరించే పద్ధతిని 1978లో ఎక్‌మన్, ఫ్రీసన్ ప్రచురించారు. ముఖ యానిమేషన్‌కు అది నేటికీ ఆధారమే. అయితే కదలికను గుర్తించడం వేరు, కదలిక నుంచి అబద్ధాన్ని గుర్తించడం వేరు. అబద్ధాన్ని పసిగట్టడంపై జరిగిన అనేక ప్రయోగాలను కలిపి బాండ్, డిపాలో 2006లో చేసిన విశ్లేషణలో మనుషుల సగటు కచ్చితత్వం దాదాపు 54 శాతం. నాణెం ఎగరవేసినదానికి ఇది కాస్త మెరుగు, అంతే.

‘డౌట్’ అన్న మాట, అరచిన గొంతు

నటనకు, ఆటకు మధ్య ఉన్న అగాధం అనుమానితుల్లో కన్నా ఫెల్ప్స్‌లోనే ఎక్కువగా బయటపడుతుంది. ఆటగాడు ఒక వృద్ధురాలి మాటపై చిన్న సందేహంతో ‘డౌట్’ నొక్కుతాడు. ఫెల్ప్స్ ఒక్కసారిగా విరుచుకుపడి ఆమెను జైలు పేరుతో బెదిరిస్తాడు. మరుక్షణం ఏమీ జరగనట్టు మర్యాదగా తరువాతి ప్రశ్న అడుగుతాడు. ఈ ఊగిసలాట ఎన్నో హాస్య వీడియోలకు ముడిసరుకైంది.

దీని మూలం మీటల పేర్లలో ఉంది. నటులు సంభాషణలు చెప్పేనాటికి ఆ మూడు మార్గాల పేర్లు బుజ్జగించడం, ఒత్తిడి చేయడం, నేరం మోపడం అనే అర్థాలిచ్చేవి. స్టాటన్ నటించింది ఒత్తిడిని. తరువాత అదే ధ్వనిమీద ‘డౌట్’ అన్న చీటీ అతికించారు. 2017లో కొత్త యంత్రాలకు పునర్విడుదల చేసినప్పుడు ఆ పేర్లు ‘గుడ్ కాప్’, ‘బ్యాడ్ కాప్’, ‘అక్యూజ్’గా మారాయి. ఒక్క సంభాషణ తిరిగి చిత్రీకరించలేదు, ఒక్క కండరం కదలిక మారలేదు. అయినా అదే నటన ఉన్నట్టుండి సబబుగా అనిపించింది. ఆరేళ్లపాటు అతిగా నటించాడన్న అపవాదు మోసిన నటుడికి ఒక పదం మార్పుతో న్యాయం జరిగిందన్నమాట. ఆటగాడు మీట నొక్కేముందు చదివే మాట కూడా అభినయంలో భాగమేనని గుర్తించకుండా గేముల్లో నటన గురించి మాట్లాడటం అసంపూర్ణం.

సరైన మీట, తప్పుడు మనిషి

హత్యల విభాగంలోని కేసులన్నిటికీ 1947 జనవరిలో జరిగిన ఎలిజబెత్ షార్ట్ హత్య నేపథ్యం. ‘బ్లాక్ డాలియా’ పేరిట ప్రసిద్ధమైన ఆ కేసు వాస్తవంలో నేటికీ తేలలేదు. ఈ విభాగంలోని ‘ది గోల్డెన్ బటర్‌ఫ్లై’ కేసులో డెయిర్డ్రే మోలర్ హత్యకు ఇద్దరు అనుమానితులు: భర్త హ్యూగో మోలర్, పిల్లలపై నేరాల చరిత్ర ఉన్న ఈలై రూనీ. ఇద్దరినీ పక్కపక్క గదుల్లో కూర్చోబెట్టి ఆటగాడు అటూ ఇటూ తిరుగుతూ విచారిస్తాడు. ఒకరిపై నేరం మోపక తప్పదు. కెప్టెన్ డానలీకి కావలసింది రూనీ. రూనీపై నేరం మోపితేనే ఆటగాడికి మెప్పు, అయిదు నక్షత్రాలు.

హత్య చేసింది వీరిద్దరూ కాదు. విభాగం చివర తేలేదేమంటే, ఆ హత్యలన్నీ గారెట్ మేసన్ అనే బార్ ఉద్యోగి పని. అతని ముఖం ఆటగాడు అంతకుముందే చూసి ఉంటాడు, పట్టించుకొని ఉండడు. ఎవరూ ప్రశ్న వేయని ముఖం కాబట్టి అది ఏమీ దాచవలసిన పని లేకపోయింది.

ముఖాలను చదివి నిజం తేల్చే యంత్రాంగాన్ని అంత ఖర్చుతో నిర్మించి, ఆ చదువు నిరపరాధులను జైలుకు పంపిందని గేమే ఒప్పుకోవడం అరుదైన సాహసం. రచయిత, దర్శకుడు బ్రెండన్ మెక్‌నమారా తన ప్రధాన ఆకర్షణను తానే ప్రశ్నించగలిగాడు. కాని ఆ ప్రశ్న కథలోనే ఆగిపోయింది, ఆటలోకి దిగలేదు. తప్పుగా నేరం మోపిన ఆటగాడు తరువాతి విభాగంలో మళ్లీ ఆ మీటలనే అంతే నమ్మకంతో నొక్కుతాడు. జరిగినదాని నుంచి ఫెల్ప్స్ ఎంత నేర్చుకున్నా, నోటుపుస్తకం ఏమీ నేర్చుకోలేదు. ఈ గేమ్ పట్ల నా ప్రధానమైన అసంతృప్తి ఇదే.

చెమట, ప్రతిబింబం

పదేళ్లు వెనక్కి వెళితే, జపాన్‌లో క్యాప్‌కామ్ సంస్థ 2001లో విడుదల చేసిన ‘ఏస్ అటార్నీ’ పరంపరలో సాక్షుల ముఖాలకు ఉన్నవి కొద్దిపాటి బొమ్మలే. చెమట పట్టడం, వణకడం, రంగు పాలిపోవడం, చివరికి కుప్పకూలడం అక్కడి వరుస. స్వేదం, వేపథువు, వైవర్ణ్యం, ప్రలయం అనే సాత్త్విక భావాలను కార్టూన్ గీతల్లో చూసినట్టుంటుంది. ఆ న్యాయస్థానంలో ముఖం ఎప్పుడూ ఆధారం కాదు. సాక్షి మాటకు, వస్తువుకు మధ్య ఉన్న వైరుధ్యాన్ని ఆటగాడు చూపించిన తరువాతే చెమట పడుతుంది. ముఖం అక్కడ ఫలితం, ‘ఎల్.ఏ. నోయర్’లో హేతువు. పేదరికం తెచ్చిపెట్టిన వివేకం ఇది: నాలుగు బొమ్మలతో ఎవరి మనసూ చదవలేమని దర్శకుడు షు టకుమికి తెలుసు.

శామ్ బార్లో 2015లో రూపొందించిన ‘హర్ స్టోరీ’లో అసలు యానిమేషనే లేదు. 1994లో పోలీసులు ఒక స్త్రీని ఏడుసార్లు విచారించినప్పటి వీడియో ముక్కలు 271 ఉంటాయి. వీవా సీఫర్ట్ నటించిన ఆ స్త్రీ తప్ప తెరమీద మరో మనిషి లేడు. పోలీసుల ప్రశ్నలు కూడా వినబడవు. ఆటగాడు ఒక పదం టైపు చేస్తే, ఆ పదం ఉన్న ముక్కల్లో మొదటి అయిదు దొరుకుతాయి. నిజమో అబద్ధమో నొక్కే మీట లేదు, నక్షత్రాలు లేవు, తప్పో ఒప్పో చెప్పే కెప్టెన్ లేడు. అందువల్ల సీఫర్ట్ దాపరికాన్ని ఎవరికీ రుజువు చేయవలసిన అవసరం లేకపోయింది. ఆమె కప్పు తీసుకునే తీరు, కూర్చునే పద్ధతి, జుట్టు సర్దుకోవడం, భుజాలు దించడం ముఖంతో సమానంగా మాట్లాడతాయి. మొదటిసారి మామూలుగా తోచిన నవ్వు మరో ముక్క చూశాక వేరే నవ్వవుతుంది. మారింది నటన కాదు, చూసేవారికి తెలిసినది.

ఆ పాత కంప్యూటర్ తెరమీద గది దీపం అప్పుడప్పుడు మిణుకుమంటుంది. ఆ క్షణంలో అద్దంలోలాగా ఒక యువతి ముఖం లీలగా కనబడి మాయమవుతుంది. అది విచారణలో ఉన్న స్త్రీ ముఖం కాదు, ఇంతసేపూ ఆమెను చూస్తున్న మనిషిది. చాలాసేపటి తరువాత తెరమీద ఒక సందేశం వచ్చి, నీ తల్లి ఆ పని ఎందుకు చేసిందో అర్థమయిందా అని అడుగుతుంది. ఆ ప్రతిబింబంలోని ముఖం ఏ భావమూ చూపకముందే దీపం మళ్లీ స్థిరపడుతుంది.